మైదానంలో పిలిచిన పేరు

మా ఆవిడ హులా నేర్చుకుంటానని చెప్పినప్పుడు నేను నవ్వాను. యాభై దాటిన మనిషి, మోకాళ్లకు రోజూ తైలం రాసుకునే మనిషి, ఎవరి పెళ్లిలోనైనా చప్పట్లు కొట్టడం తప్ప మరో ఆట ఎరగని మనిషి, ఇప్పుడు హవాయి దీవుల నాట్యం నేర్చుకుంటుందట. "వెళ్లు, వెళ్లు. నాలుగు వారాలు తిరక్కుండా నువ్వే మానేస్తావు," అన్నాను. ఆమె మానలేదు. కొన్నాళ్లు గడిచేసరికి నా ముఖంలో నవ్వు పోయి ఆమె ముఖంలోకి వచ్చింది.

మేముండేది మలేషియాలోని సుంగై పెటానిలో, ఊరి అంచున ఒక తామానులో, అంటే హౌసింగ్ కాలనీలో. వరస ఇళ్ల మధ్య పిల్లలు బంతి ఆడుకునే మైదానం ఒకటి ఉంది. ఇక్కడ అందరం దాన్ని పాడాంగ్ అంటాం. అక్కణ్నుంచి చూస్తే జెరాయ్ కొండ నిండుగా కనిపిస్తుంది. హవాయి నుంచి వచ్చిన ఒకావిడ, భర్త ఉద్యోగం మూలంగా, చాలా ఏళ్లుగా ఈ ప్రాంతంలోనే ఉంటోంది. ఆవిడ శనివారం పొద్దున్నే ఆ పాడాంగులో ఆడవాళ్లకు హులా నేర్పుతుంది. వాళ్ల భాషలో గురువును కుము అంటారట. శనివారం మధ్యాహ్నమైతే మా ఇంట్లో ఒకటే జపం, కుము ఇలా అన్నారు, కుము అలా అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో నేను చెప్పిన మాట ఒక్కటైనా మా ఆవిడ ఇలా ఇంకొకరి దగ్గర అప్పజెప్పగా నేను వినలేదు.

నాకు కుళ్లు మొదలైంది. దాచుకోవడం ఎందుకు? నా స్వభావమే అంత. ఎవడైనా మగాడు నేర్పుతున్నాడేమో చూద్దామని ఒక శనివారం బయల్దేరాను. పాడాంగుకి ఎదురుగా ఒక మామక్ కొట్టు, అదే తమిళ ముస్లింల టీ హోటలు, ఉంది. అక్కడ నురగ కట్టిన తే తారిక్ టీ ఒకటి తీసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ల బోర్డులో ఉద్యోగం చేసి గౌరవంగా రిటైరైనవాణ్ణి, సొంత పెళ్లాన్ని ఇలా చాటుగా చూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మగాడెవడూ లేడు. అదే వచ్చిన చిక్కు. మగాడుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అక్కడున్నది మా ఆవిడ కంటే పెద్దావిడ, భారీ మనిషి. నెరిసిన జుట్టు నెత్తిన ముడి వేసుకుని, చెప్పుల్లేకుండా గడ్డిలో కూర్చుని, ఎండిన సొరకాయ బుర్ర మీద అరచేత్తో దరువు వేస్తూ పాడుతోంది. ఆవిడ ఎదురుగా ఓ పదిమంది ఆడవాళ్లు. మలాయీలు, చీనావాళ్లు, తమిళులు, వాళ్ల మధ్య మా ఆవిడ. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము అటూ ఇటూ తేలిగ్గా ఊపుతూ, చేతులు రెండూ కొండవైపు చాపింది. ఇంట్లో కుర్చీలోంచి లేవాలంటే "అమ్మా" అని మూలిగే మనిషి.

ముఖం మీద నవ్వు ఉంది. బయటివాళ్లొస్తే మర్యాదకు నవ్వే నవ్వు నాకు తెలుసు. టీవీ ముందు కూర్చుని తనలో తాను నవ్వుకునే నవ్వు తెలుసు. మా అక్క ఈమె వంటకు వంక పెట్టినప్పుడు పళ్లు బిగించి నవ్వే నవ్వు కూడా తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు. నాకు తెలియని నవ్వు నా పెళ్లాం ముఖం మీదికి ఎక్కణ్నుంచి వచ్చింది? నాకు ఒళ్లు మండిపోయింది. తే తారిక్ చల్లారిపోయినా తాగబుద్ధి కాలేదు. డబ్బులిచ్చి ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కూడా ఆమె చేతులు ఊరికే ఉండటం లేదు. గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఏదో గీస్తోంది.

"ఏమిటా చేతులు?" అన్నాను.

"వాన అండీ. ఇలాగ ఏళ్లు దించితే వాన. ఇలాగ రెండు సేతులూ పైకెత్తి కలిపితే కొండ. కుము సెప్పినారు, మా కొండలు మీకు ఇక్కడ కనపడవు, మీ కొండకే ఆడండని. అందుకే జెరాయ్‌కి ఆడతన్నాం."

"నువ్వు ఆడితే కొండకేం తెలుస్తుంది?"

"మనకి తెలుస్తాది గదండీ."

ఆమె మాట ఇప్పటికీ వాళ్ల ఎస్టేటు మాటే. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు గీతకు వచ్చినవాళ్లు. మా తాత వేరే ఎస్టేటులో కిరాణీ, అంటే గుమస్తా. మేం పుస్తకంలో తెలుగు మాట్లాడతామని మా ఇంట్లో పెద్ద గొప్ప. పెళ్లైన కొత్తలో మా అమ్మ ఆమె మాటను చాలా దిద్దాలని చూసింది గానీ ఆ పప్పులేమీ ఉడకలేదు.

కూర వేస్తూ ఆమె ఇంకో సంగతి చెప్పింది. త్వరలో ఒక ఆదివారం సాయంత్రం పాడాంగులోనే తామాను జనమందరి ముందూ ఆడతారట. ఆట అయ్యాక ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఒక పేరు గట్టిగా పిలవాలట. ఎవరి కోసం ఆడారో వాళ్ల పేరు. అది వాళ్ల దేశపు పద్ధతి అట. పేరు పిలవకపోతే ఆట పూర్తయినట్టు కాదట.

"ఎవరి పేరైనా పిలవొచ్చా?"

"ఎవరిదైనా. బతికున్నోళ్లదైనా, పోయినోళ్లదైనా."

"నువ్వెవరి పేరు పిలుస్తావు?"

"అది ముందుగా సెప్పకూడదు లా," అని, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించి, ఆమె పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక నాకు పట్టుకుంది. చెప్పాలంటే, మా ఆవిడ నా పేరు పలకడం నేను ఇంతవరకూ వినలేదు. "ఏమండీ" అంటుంది, "ఇదిగోండి" అంటుంది, బయటివాళ్లతో "మా ఇంటాయన" అంటుంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. నేను గుండెనొప్పితో ఆసుపత్రిలో పడినప్పుడు కౌంటర్లో పిల్ల పేరు చెప్పమంటే, ఈవిడ నోరు విప్పకుండా నా ఐసీ, అంటే గుర్తింపు కార్డు, తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. చదవడానికి కార్డు తిన్నగా తిప్పి మరీ ఇచ్చిందట. ఇన్నేళ్లూ నేను దాన్ని మర్యాదగానే తీసుకున్నాను. ఇప్పుడు ఉన్నట్టుండి నాకు ఆ పేరు కావాలనిపించింది. ఒక్కసారి, జనం ముందు, పాడాంగంతా వినపడేలా నా పేరు ఆమె నోట వినాలి. ఆ కొండకూ వానకూ ఆ కుముకూ ఇచ్చినదాంట్లో నాకూ కాస్త వాటా ఉండాలి. ఆయుష్షు తగ్గితే తగ్గనీ.

ఆ రోజులన్నీ నేను చాలా మంచివాడిగా ఉన్నాను. తిన్న పళ్లెం నేనే కడిగాను. శనివారాలు కారులో దింపి తీసుకొచ్చాను. మోకాళ్ల తైలం అయిపోకముందే కొత్త సీసా తెచ్చి పెట్టాను. ఆమె ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి అనుమానంగా చూసింది.

"నీతో పాటు ఆడే పక్కింటి చీనా ఆవిడ వాళ్లాయన పేరే పిలుస్తుందట," అన్నాను ఒక రాత్రి భోజనాల దగ్గర.

"మంచిదే గదా," అంది.

ఇంకో రోజు మరీ తెగించాను. "భార్య గట్టిగా పేరు పెట్టి పిలిస్తే మొగుడికి ఆయుష్షు పెరుగుతుందని ఎక్కడో చదివాను."

"ఎక్కడ సదివినారు?"

"ఎక్కడో."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి మళ్లీ ఉల్లిపాయలు తరుక్కుంది. ఏమీ అనలేదంటే ఆలోచిస్తోందని అర్థం చేసుకున్నాను. ఆశ పెంచుకోవడానికి నాకు అంత చాలు.

ఆట ముందు రోజు సాయంత్రం ఆమె మా ప్రహరీ పక్కనున్న జెంజువాంగ్ మొక్కల దగ్గర నిలబడి ఉంది. పొడుగాటి ఆకుల మొక్క, ఇక్కడ ప్రతి ఇంటి ముందూ ఉంటుంది. హవాయిలోనూ అదే జాతి మొక్క ఉందట, దాని ఆకులతో మెడలోకీ తలలోకీ దండలు అల్లుకుంటారట. చెప్పులు విప్పేసి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"అడగతన్నానండీ. కోసుకోవచ్చా అని. అడక్కుండా కొయ్యకూడదంట."

"ఆ మొక్కలు నాటింది నేను. నీళ్లు పోసేది నేను."

"అవునండీ."

"మరి నన్నడగలేదే?"

ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది. "మీరు వద్దనరు గదా," అని కత్తెర తీసుకుని ఆకులు కోసుకుంది. మొక్క మాత్రం వద్దంటుందేమోనని భయం కాబోలు. నా ఇంట్లో నా మొక్కకున్న పరపతి నాకు లేకపోయింది. ఆ రోజు దానికి నీళ్లు పొయ్యలేదు.

ఆదివారం సాయంత్రం పాడాంగు నిండిపోయింది. ఒక పక్క గుడారం కింద తినుబండారాలు, మిగతా అంతా ప్లాస్టిక్ కుర్చీలు. మా అక్క కూడా వచ్చింది. మా వెనక వీధిలోనే ఉంటుంది, పెద్దరికం అంతా తనదే. పట్టుచీర కట్టుకుని నా పక్కన కూర్చుని, "ఈ వయసులో దీనికి ఈ గంతులు అవసరమా లా?" అని మొదలుపెట్టింది. నేను ముందు వరసలో, మా ఆవిడకు నచ్చే నీలం చొక్కా వేసుకుని, ఎటు తిరిగినా ఆమె కళ్లబడేలా కూర్చున్నాను.

జెరాయ్ నెత్తిన మబ్బు పట్టి ఉంది గానీ వాన పడలేదు. కుము పాడాంగు అంచునే ఆగిపోయి, కొండవైపు తిరిగి, ఊపిరి తిప్పుకోకుండా పొడుగ్గా ఏదో పాడింది. తర్వాత మలాయీలో చెప్పింది, ఈ నేల నాది కాదు, లోపలికి రావచ్చా అని అడిగాను అని. మా అక్క కూడా నోరు మూసింది. మా తాతలు ఓడ దిగినప్పుడు ఇలా ఎవరినైనా అడిగారో లేదో, వాళ్లను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు.

సొరబుర్ర మోగింది. పదిమందీ వరసగా వచ్చారు. తలల మీద మా ఇంటి ఆకులే. మా ఆవిడ రెండో వరసలో ఉంది. చేతులు కొండయ్యాయి, వేళ్లు వానయ్యాయి, అరచేతులు నేలకు దగ్గరగా వచ్చి పొలాల మీది గాలిలా మెల్లగా పక్కకు జరిగాయి. చక్కగా ఆడింది. నా కోపంతో కూడా ఆ మాట చెప్పాల్సిందే. ఎంత చక్కగా ఆడిందంటే నా వెనక కూర్చున్న ఎవరో, ఆ రెండో వరసలో నవ్వుతున్నావిడ ఎవరు అని అడిగారు. నాకు గర్వం రావాలి. రాలేదు. జనం ఫోన్లన్నీ ఆమెవైపు ఎత్తి ఉంటే, ఒక్కొక్కటీ లాక్కుని జేబులో వేసుకోవాలనిపించింది. ఆమె కళ్లు తన చేతి వెంటే వెళ్లాయి, చేతిని దాటి కొండ దాకా వెళ్లాయి. ముందు వరసలో ఉన్న నీలం చొక్కా మీద ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత పేర్లు. పక్కింటి చీనా ఆవిడ ముందుకొచ్చి వాళ్లాయన పేరే పిలిచింది. ఆయన కుర్చీలోంచి లేచి ఎన్నికల్లో గెలిచినవాడిలా అందరికీ చెయ్యి ఊపాడు. ఆ మనిషితో నేను ఇన్నేళ్లుగా బాగానే ఉన్నాను, ఆ నిమిషంలో మాత్రం అతని ముఖం చూడలేకపోయాను. ఒక మలాయీ అమ్మాయి వాళ్ల అవ్వ పేరు పిలిచి ఏడ్చింది. తర్వాత మా ఆవిడ.

చొక్కా సర్దుకున్నాను. లేవాలా, కూర్చునే చెయ్యి ఎత్తాలా అన్నది కూడా తేల్చుకోలేదు. ఆమె గుండెనిండా ఊపిరి తీసుకుని, నేనెప్పుడూ వినని గొంతుతో, పాడాంగంతా మోగేలా పిలిచింది.

అది మా అమ్మ పేరు.

మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ పేరు రా. అమ్మ పేరు పిలిచింది రా," అని కొంగు కళ్లకద్దుకుంది. "ఇంత మనసున్న మనిషిని నేను ఎన్నెన్ని మాటలన్నానో." మా అమ్మకూ ఈమెకూ కూరలో ఉప్పు దగ్గర కూడా పొసిగేది కాదు. అమ్మ పోయినప్పుడు ఈమె చెయ్యవలసినవన్నీ చేసింది గానీ కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదు. మరి ఈ ప్రేమ ఎప్పుడు పుట్టింది? పోయిన మా అమ్మ మీద నాకు కడుపు మండింది. బతికున్నంతకాలం నా మీద పెత్తనం చేసింది, పోయి ఇన్నేళ్లయ్యాక నాకు రావలసిన ఆ ఒక్క పిలుపు కూడా పట్టుకుపోయింది.

ఆట అయ్యాక అక్క వెళ్లి మా ఆవిడను అందరి ముందూ కావిలించుకుంది. మా ఆవిడ ఏమీ అర్థం కానట్టు నిలబడింది. అక్కను ఇంటి దగ్గర దింపేదాకా కారులో అమ్మ గుణగణాలే. నేను స్టీరింగు మీంచి కళ్లు తిప్పలేదు.

ఇంటికొచ్చాక ఆమె తలలోని ఆకుల దండ తీసి, చెత్తలో వెయ్యకుండా తీసుకెళ్లి ఆ జెంజువాంగ్ మొక్క మీదే వేసింది. నేను గుమ్మంలోనే నిలబడి అడిగేశాను.

"మా అమ్మ పేరు ఎందుకు పిలిచావు?"

"మీ అమ్మగారి పేరేటండీ?"

"అందరూ విన్నారు. అక్క ఏడ్చింది కూడా."

ఆమె చెయ్యి మొక్క మీదే ఆగిపోయింది. "అందుకా వొదినగారు ఏడ్సినారు," అంది. తర్వాత మామూలుగానే చెప్పింది. "అది నా పేరండీ."

"నీ పేరు అది కాదుగా."

"ఐసీలో ఉన్నది ఎస్టేట్ కిరాణీ రాసిన పేరు. ఇంట్లో మా నాయినమ్మ పెట్టింది ఇదే. మా అమ్మా నాన్నా, కూలీల లైన్లో అందరూ ఇలాగే పిలిసేవోరు. పెళ్లైన కొత్తలో మీ అమ్మగారు సెప్పినారు, ఈ ఇంట్లో ఆ పేరు నాది, మావోడు నిన్ను పిలిస్తే కన్నతల్లిని పేరెట్టి పిలిసినట్టుంటాది, ఇకమీద ఐసీ పేరుతోనే ఉండమని. మావోళ్లని కూడా అలా పిలవొద్దన్నారు. ఆళ్లు మానేసినారు. మీరూ ఆ గదిలోనే ఉన్నారు."

"నేనున్నానా?"

"ఉన్నారు. పేపరు సదువుతన్నారు."

నాకు గుర్తు లేదు. ఎంత వెనక్కి వెళ్లినా ఆ గది గుర్తొచ్చింది, అమ్మ కుర్చీ గుర్తొచ్చింది, ఆ మాట మాత్రం గుర్తు రాలేదు.

"అంటే నీ కోసం నువ్వే ఆడుకున్నావా?"

"మొదటి రోజున కుము అడిగినారు, నీ పేరేటని. నోట్లోంచి అదే వచ్చేసినాది. ఎందుకొచ్చిందో నాకూ తెలీదు. అప్పట్నించీ అక్కడ అందరూ అలాగే పిలుస్తన్నారు." ఆకుల మీది దండను సర్దింది. "ఆ పిల్ల ఎప్పుడూ ఆడలేదండీ. ఈ ఇంటికొచ్చి ఆగిపోయినాది. దాని కోసం ఒకసారి ఆడదామనిపించినాది, అంతే."

ఆ పిల్లను నేను చూడలేదు. నా పెళ్లి ఆమెతోనే జరిగింది గానీ, కాపురం ఐసీ కార్డులో ఉన్న మనిషితో చేశాను. వాళ్ల ఎస్టేటు లైన్లో ప్రతివాడికీ ఆ పిల్ల తెలుసు. ఇప్పుడు పాడాంగులో పదిమందికి తెలుసు, హవాయి నుంచి వచ్చినావిడకు తెలుసు. నాకే తెలియదు. వాళ్లందరి మీదా ఒకేసారి కుళ్లు వచ్చింది.

"అయితే నేనూ అలాగే పిలుస్తాను," అన్నాను.

ఆమె ఇటు తిరిగి నిలబడింది. ఎదురుచూసింది. అది నాకు బాగా కనిపించింది. నేను నోరు తెరిచాను. అమ్మ కళ్లముందుకు వచ్చింది, తెల్లచీర, కళ్లజోడు, ఆ కుర్చీ. పుట్టి బుద్ధెరిగాక అమ్మను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? మొదటి అక్షరం దాకా వచ్చి నాలుక ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. రాలేదు.

"పర్లేదండీ," అంది చివరికి. "మీకు రాదు. మీ పేరు నాకూ రాదు గదా." లోపలికి వెళ్లి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

తర్వాతి శనివారం కారులో దింపాను. ఆమె తలుపు తీసుకుని దిగుతుంటే పాడాంగు అవతలి కొసనుంచి ఎవరో ఆ పేరు పెట్టి కేకేశారు. మలాయీ గొంతు, అక్షరాలు కాస్త వంకరపోయాయి. మా ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గడ్డిలో పరుగెత్తింది. మోకాళ్లు నొప్పులనే మనిషి పరుగెత్తింది. ఇన్నేళ్లలో నేను పిలిస్తే అలా పరుగెత్తుకొచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు.